చార్మినార్ కూడా నడుస్తోంది
(భూమి లోపలి నిర్మాణం – పలకల కదలిక)



2024 డిసెంబర్ 4, బుధవారం. ఉదయం ఏడున్నర కావస్తోంది. అప్పుడు మేము తొమ్మిదో తరగతిలో ఉన్నాము. ప్లేట్లు పట్టుకుని టిఫిన్ లైనులో నిలబడ్డాము. ఆ రోజు ఉప్మా. ఉన్నట్టుండి నీళ్ల డ్రమ్ములో నీళ్లు వణికాయి. మేడ మీద కిటికీ రెక్కలు గడగడలాడాయి. ఎవరో వెనుక నుంచి తోస్తున్నారనుకుని మాలో ఇద్దరు గొడవ కూడా పడ్డారు. కొన్ని సెకన్లలో అంతా ఆగిపోయింది. చేతుల్లో ప్లేట్లు పట్టుకుని నిలబడిన మాకు కాళ్ల కింద కూడా ఒక ప్లేటు ఉందని ఆ క్షణంలో గుర్తు రాలేదు.

కాసేపటికి టీవీలో వార్త వచ్చింది. ములుగు జిల్లా మేడారం ప్రాంతంలో ఉదయం 7.27 గంటలకు రిక్టర్ స్కేలుపై 5.3 తీవ్రతతో భూకంపం వచ్చిందన్నారు. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. ప్రాణనష్టం ఏమీ జరగలేదు.

కానీ అసలు భయం సాయంత్రం మొదలైంది. "ఈ రాత్రికి ఇంకా పెద్దది వస్తుందట" అని ఫోన్లలో పుకారు వచ్చింది. చిన్న తరగతుల పిల్లలు గదుల్లో పడుకోమని వరండాలో చాపలు వేసుకున్నారు. ఏటూరునాగారం వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఇంటికి ఫోన్ కలవక ఏడుస్తూ కూర్చున్నాడు. రాత్రి కలిసింది, ఇంట్లో అందరూ క్షేమం. అయినా వాడు నిద్రపోలేదు. "అన్నా, భూమి ఎందుకు కదిలింది? మళ్లీ కదులుతుందా?" అని అడుగుతూనే ఉన్నాడు. సైన్స్‌లో మంచి మార్కులు తెచ్చుకునే మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. పాఠం బట్టీ వచ్చు, జవాబు మాత్రం రాలేదు.

ఆ తమ్ముడి కోసం మేము చదివి, సార్లను అడిగి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

కోడిగుడ్డు చెప్పే పాఠం

మన హాస్టల్లో గుడ్డు పెట్టే రోజు అందరికీ ఇష్టమే. ఉడికిన గుడ్డును బల్ల మీద ఒకసారి తట్టండి. పెంకు చిన్న చిన్న ముక్కలుగా పగులుతుంది కానీ ఊడిపోదు. లోపల తెల్లసొన, దాని లోపల పచ్చసొన ఉంటాయి. భూమి కూడా సుమారుగా ఇలాగే పొరలు పొరలుగా ఉంటుంది.

మన కాళ్ల కింద నుంచి భూమి కేంద్రం వరకు దూరం సుమారు 6,371 కిలోమీటర్లు. అన్నిటికంటే పైపొర భూపటలం. ఇది ఖండాల కింద సగటున 35 కిలోమీటర్ల మందం, సముద్రాల కింద 7 కిలోమీటర్ల మందం మాత్రమే ఉంటుంది. హిమాలయాల కింద 70 కిలోమీటర్ల వరకు ఉంటుంది. చార్మినార్ దగ్గర బస్సెక్కి శంషాబాద్ దాటి కొంచెం ముందుకు పోతే ఎంత దూరమో, మన పటలం అంత మందం అన్నమాట.

దాని కింద సుమారు 2,900 కిలోమీటర్ల లోతు వరకు ఉన్నది భూప్రావారం. భూమి ఘనపరిమాణంలో ఎక్కువ భాగం ఇదే. ఆ కింద కేంద్రమండలం ఇనుము, నికెల్‌లతో ఏర్పడింది. అందులో వెలుపలి భాగం ద్రవం, లోపలి భాగం ఘనం. అంతర కేంద్రమండలంలో వేడి 5,000 డిగ్రీల సెల్సియస్‌కు పైనే. అంత వేడిలో ఇనుము కరగాలి కదా? కానీ పై పొరల బరువంతా దాని మీదే ఉండడం వల్ల ఆ ఒత్తిడికి కరగలేక గట్టిగా ఉండిపోయింది. వెలుపలి కేంద్రమండలంలో కరిగిన ఇనుము తిరగడం వల్లే భూమికి అయస్కాంత శక్తి వచ్చింది. దిక్సూచి ముల్లు ఉత్తరం చూపించడానికి కారణం ఇదే.

ఇక్కడ మాలో చాలామందికి ఉన్న ఒక తప్పు అభిప్రాయం చెప్పాలి. భూమి పైపొర కింద అంతా లావా సముద్రమని, మనం దాని మీద తేలుతున్నామని అనుకునేవాళ్లం. అది నిజం కాదు. ప్రావారం దాదాపు అంతా గట్టి రాయే. కానీ బాగా వేడెక్కిన రాయి కావడం వల్ల లక్షల, కోట్ల సంవత్సరాల్లో చాలా మెల్లగా సాగుతుంది, పారుతుంది. రోడ్డు వేసే తారు ముద్దను సుత్తితో కొడితే పగులుతుంది. అదే ముద్దను ఎండలో వదిలేస్తే మెల్లగా పరుచుకుంటుంది. ప్రావారం గుణం కూడా కొంత అలాంటిదే.

లోపలికి వెళ్లకుండా ఎలా తెలిసింది?

మనిషి తవ్విన అతి లోతైన రంధ్రం రష్యాలోని కోలా ద్వీపకల్పంలో ఉంది. 1989 నాటికి 12,262 మీటర్ల లోతుకు వెళ్లగలిగారు. భూమి వ్యాసార్థంలో ఇది ఐదువందల వంతు. మరి మిగతాదంతా ఎవరు చూశారు?

ఎవరూ చూడలేదు, విన్నారు. పుచ్చకాయ కొనేటప్పుడు మదీనా చౌరస్తాలో బండి దగ్గర మన పెద్దలు ఏం చేస్తారు? కోయకుండా వేలితో తట్టి శబ్దం వింటారు. శాస్త్రజ్ఞులకు భూకంపమే ఆ తట్టు. భూకంపం వచ్చినప్పుడు ముఖ్యంగా రెండు రకాల తరంగాలు భూమి లోపల ప్రయాణిస్తాయి. మొదట వచ్చేవి పి తరంగాలు. ఇవి ఘన, ద్రవ పదార్థాలు రెండింటిలోనూ పోతాయి. తర్వాత వచ్చేవి ఎస్ తరంగాలు. ఇవి ద్రవంలో పోలేవు. పెద్ద భూకంపం వచ్చినప్పుడు భూమికి అవతలి వైపు ఉన్న కేంద్రాలకు ఎస్ తరంగాలు అందలేదు. అంటే మధ్యలో ద్రవపు పొర ఉన్నట్టే కదా!

1909లో క్రొయేషియాకు చెందిన మొహొరొవిచిచ్ పటలానికి, ప్రావారానికి మధ్య హద్దును గుర్తించాడు. 1936లో డెన్మార్క్‌కు చెందిన ఇంగే లేమన్ అనే మహిళా శాస్త్రవేత్త ద్రవ కేంద్రమండలం లోపల ఘన గోళం ఉందని కనిపెట్టింది.

ములుగు ప్రాంతం మనకు రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. పి తరంగాలు సెకనుకు సుమారు ఆరు కిలోమీటర్లు, ఎస్ తరంగాలు సుమారు మూడున్నర కిలోమీటర్లు పోతాయి. లెక్క వేసి చూడండి. అక్కడ రాయి పగిలిన అరనిమిషానికి మన హాస్టల్‌కు మొదటి చిన్న వణుకు, దాదాపు నిమిషానికి పెద్ద ఊపు వచ్చి ఉండాలి. ఈ రెండింటి మధ్య తేడాను బట్టే భూకంపం ఎంత దూరంలో వచ్చిందో లెక్కిస్తారు. మన ఉప్పల్ రోడ్డులో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, అంటే ఎన్.జి.ఆర్.ఐ., చేసే పనుల్లో ఇది ఒకటి.

మనం కూర్చున్న పలక

చిన్నప్పుడు మనమందరం పలక మీద అక్షరాలు దిద్దాం. భూగోళ శాస్త్రంలో పలక అంటే భూపటలం, దానికి అంటుకున్న ప్రావారపు పైభాగం కలిసిన పెద్ద రాతి చెక్క. దీన్ని శిలావరణం అంటారు. మందం సుమారు వంద కిలోమీటర్లు. గుడ్డుకు పెంకు ఎంత పలచనో భూమికి ఈ పలకలు సుమారు అంతే పలచన. తట్టిన గుడ్డు పెంకులాగే ఇది ఏడు పెద్ద పలకలుగా, మరికొన్ని చిన్న పలకలుగా పగిలి ఉంది. మనం భారత పలక మీద ఉన్నాము.

పలకలు కదులుతాయన్న ఆలోచనకు దారి వేసినవాడు జర్మనీకి చెందిన ఆల్ఫ్రెడ్ వెజెనర్. అట్లాసులో దక్షిణ అమెరికా తూర్పు అంచు, ఆఫ్రికా పడమర అంచు అతికినట్టు సరిపోతాయి. ఒకప్పుడు ఖండాలన్నీ కలిసే ఉండేవని, తర్వాత విడిపోయాయని 1912లో ఆయన చెప్పాడు. గ్లోసోప్టెరిస్ అనే చెట్టు శిలాజాలు భారతదేశం, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలలో దొరకడం పెద్ద సాక్ష్యం. కానీ "ఖండాలను కదిలించే శక్తి ఏది?" అన్న ప్రశ్నకు ఆయన సరైన జవాబు ఇవ్వలేకపోయాడు. చాలామంది పండితులు ఎగతాళి చేశారు. 1930లో గ్రీన్‌లాండ్ మంచులో యాత్ర చేస్తూ చనిపోయాడు. 1960లలో సముద్రపు అడుగును పరిశీలించాక ఆయన చెప్పిన ముఖ్య విషయం నిజమని లోకం ఒప్పుకుంది.

మిత్రులారా, ఇందులో మనం గర్వపడవలసిన విషయం ఒకటి ఉంది. దక్షిణాది ఖండాలన్నీ కలిసి ఉన్నప్పటి ఆ మహాఖండం పేరు గోండ్వానా. అది గోండులు నివసించే నేలను బట్టి వచ్చిన పేరు. మధ్య భారతంలో ఆ ప్రాంతపు రాళ్లను పరిశీలించిన భూగర్భ శాస్త్రజ్ఞులు పంతొమ్మిదో శతాబ్దంలో పెట్టారు. మన ఆదిలాబాద్ గోండుల పేరును నేడు అమెరికాలోనూ జపాన్‌లోనూ పిల్లలు పాఠంలో చదువుతున్నారు. ఆదిలాబాద్ నుంచి వచ్చిన మన హాస్టల్ తమ్ముళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

గోండ్వానా కాలపు అడవులే భూమిలో కూరుకుపోయి సింగరేణి బొగ్గుగా మారాయి. బిర్లా సైన్స్ మ్యూజియంలో మనం ఎక్స్‌కర్షన్‌లో చూసిన కోటాసారస్ రాక్షసబల్లి అస్థిపంజరం కూడా పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికినదే. ఆ జంతువు తిరిగిన రోజుల్లో, అంటే సుమారు 18 కోట్ల సంవత్సరాల క్రితం, మన నేల ఇంకా ఆఫ్రికా, అంటార్కిటికాలతో కలిసే ఉంది.

పలకలు ఎందుకు కదులుతాయి?

మూల కారణం భూమి లోపలి వేడి. ఈ వేడిలో కొంత భూమి పుట్టినప్పటిది. కొంత యురేనియం, థోరియం వంటి పదార్థాలు క్షీణించడం వల్ల పుట్టేది. బొగ్గు గనుల్లో పనిచేసే నాన్నలను అడగండి, లోతుకు పోయినకొద్దీ ఉక్కపోత పెరుగుతుందని చెబుతారు. మణుగూరు దగ్గర పగిడేరులో బోరు నుంచి వేడినీళ్లే వస్తాయి.

వంటగదిలో పాలు కాగుతుంటే గమనించండి. అడుగున వేడెక్కిన పాలు పైకి వస్తాయి. పైన చల్లబడినవి కిందికి దిగుతాయి. పైన కట్టిన మీగడ ఒక పక్కకు జరుగుతుంది, ముడతలు పడుతుంది. ప్రావారంలో ఇలాంటి కదలికే అతి నిదానంగా జరుగుతుంది. దీన్ని సంవహనం అంటారు.

మరొక బలం కూడా ఉంది. పై మంచం మీద దుప్పటి అంచు కొంచెం కిందికి వేలాడితే ఏమవుతుంది? ఆ బరువుకు తెల్లారేసరికి దుప్పటి మొత్తం జారి కింద పడుతుంది. అలాగే చల్లబడి బరువెక్కిన సముద్రపు పలక అంచు ప్రావారంలోకి మునుగుతూ వెనుక ఉన్న పలకను తనతో లాగుతుంది. పలకలను నడిపించే శక్తుల్లో ఈ లాగుడే పెద్దదని నేటి శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

పలకలు కలిసే చోట మూడు రకాల పనులు జరుగుతాయి.

ఒకటి, విడిపోవడం. అట్లాంటిక్ సముద్రం నడుమ పలకలు దూరం జరుగుతుంటే ఆ సందులో నుంచి శిలాద్రవం వచ్చి కొత్త నేల ఏర్పడుతోంది.

రెండు, ఢీకొనడం. సుమారు ఐదు కోట్ల సంవత్సరాల క్రితం భారత పలక ఆసియాను ఢీకొంది. మధ్యలో ఉన్న టెథిస్ సముద్రం మూసుకుపోయింది. ఆ ఒత్తిడికి నేల ముడుచుకుని హిమాలయాలు లేచాయి. అందుకే 8,848 మీటర్ల ఎత్తైన ఎవరెస్టు శిఖరం రాళ్లలో సముద్ర జీవుల అవశేషాలు ఉన్నాయి. ఒక పలక మరొక దాని కిందికి దూరడం కూడా ఈ రకమే. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర ఇలాంటి సరిహద్దు తెగి 9.1 తీవ్రతతో భూకంపం, ఆపై సునామీ వచ్చాయి. అనేక దేశాల్లో రెండు లక్షల మందికి పైగా, మన కోస్తాలో వందమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత 2007లో సునామీ హెచ్చరిక కేంద్రాన్ని మన హైదరాబాద్‌లోనే, ఇన్‌కాయిస్ సంస్థలో ఏర్పాటు చేశారు. సముద్రం లేని ఊరు సముద్రానికి కాపలా కాస్తోంది!

మూడు, ఒరుసుకుంటూ పక్కపక్కన జరగడం. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇది జరుగుతోంది.

చార్మినార్ లెక్క

జి.పి.ఎస్. పరికరాలతో కొలిస్తే హైదరాబాద్ నేల ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్య దిశగా జరుగుతోందని తేలింది. ఇంచుమించు మన గోళ్లు పెరిగే వేగం.

ఇప్పుడు ఒక లెక్క. చార్మినార్ కట్టింది 1591లో. అప్పటి నుంచి 430 ఏళ్లకు పైగా గడిచాయి. ఏడాదికి 5 సెంటీమీటర్ల చొప్పున 430 ఏళ్లకు 2,150 సెంటీమీటర్లు, అంటే 21 మీటర్లకు పైనే. చార్మినార్ ఒక్కో వైపు పొడవు సుమారు 20 మీటర్లు. అంటే కులీ కుతుబ్ షా కట్టించిన నాటి నుంచి చార్మినార్ తన వెడల్పు అంత దూరం నడిచింది. మక్కా మసీదు, లాడ్ బజార్, మన హాస్టల్, అన్నీ దానితోపాటే నడిచాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు. రైల్లో కూర్చున్నవాళ్లకు పక్క సీటు కదిలినట్టు అనిపించదు కదా.

అంతకంటే పాతవి ఫలక్‌నుమా గుట్ట, గోల్కొండ, మౌలాలి రాళ్లు. హైదరాబాద్ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూమి వయసు 454 కోట్లయితే అందులో సగానికి పైనే. ఈ రాయి భూమి లోపల కిలోమీటర్ల లోతున శిలాద్రవం చల్లబడి ఏర్పడింది. పైనున్న పొరలు కోట్ల ఏళ్లలో వాన, గాలికి కొట్టుకుపోయి ఇది బయటపడింది. మక్కా మసీదు కమాన్లలో, మన పాత ఇళ్ల పునాదుల్లో ఉన్నది ఆ రాయే. దాన్ని పగలగొట్టి మన ఊళ్లకు ఇళ్లు, రోడ్లు ఇచ్చిన వడ్డెరల చేతులకు దాని గట్టిదనం బాగా తెలుసు.

మరి మన దగ్గర భూకంపం ఎందుకు?

తమ్ముడి అసలు ప్రశ్న ఇదే. పలకల అంచు హిమాలయాల్లో ఉంది. మనం మధ్యలో ఉన్నాము. మరి ఇక్కడ ఎందుకు కదిలింది?

చెక్క స్కేలును రెండు చివర్లా పట్టుకుని నొక్కండి. అది చేతుల దగ్గర విరగదు. ఎక్కడ పాత పగులు ఉందో అక్కడ విరుగుతుంది. భారత పలక ఉత్తరాన ఆసియాను నెడుతూనే ఉంది. ఆ ఒత్తిడి పలక అంతటా పాకుతుంది. గోదావరి లోయ కోట్ల ఏళ్ల క్రితం, గోండ్వానా కాలంలో, నేల చీలి కుంగిన చోటు. అందులోనే ఇసుకరాయి, బొగ్గు పొరలు నిండాయి. ఆ పాత గాయపు అంచుల్లో ఒత్తిడి పేరుకుని ఎప్పుడో ఒకప్పుడు రాయి జారుతుంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిన భూకంపం, 2024లో ములుగులో వచ్చినది ఈ లోయలోవే.

దక్కన్ పీఠభూమి కదలదని ఒకప్పుడు నమ్మేవారు. 1967లో మహారాష్ట్రలోని కోయినా, 1993లో లాతూరు ఆ నమ్మకాన్ని చెరిపేశాయి. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతంలో వచ్చిన భూకంపం తీవ్రత 6.2. ఆ కుదుపు హైదరాబాద్‌లోనూ తెలిసింది. అక్కడ దాదాపు పదివేల మంది నిద్రలోనే చనిపోయారు. వాళ్లలో ఎక్కువమందిని చంపింది మట్టితో కట్టిన బరువైన రాతి గోడలు, వాటి మీది మిద్దెలు.

తీవ్రత ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. ఆ లెక్కన లాతూరు భూకంపం ములుగు భూకంపం కంటే ఇరవై రెట్లకు పైగా పెద్దది. ములుగులో భూకంప కేంద్రం 40 కిలోమీటర్ల లోతున ఉందని అధికారులు ప్రకటించారు. లోతు ఎక్కువైతే పైన ఊపు కొంత తగ్గుతుంది.

2002 భూకంప పటంలో హైదరాబాద్ అతి తక్కువ ప్రమాదం ఉన్న రెండో జోన్‌లో, భద్రాచలం మూడో జోన్‌లో ఉన్నాయి. తక్కువ ప్రమాదం అంటే అసలు ప్రమాదం లేదని కాదు.

మనం చేయవలసినవి

* భూకంపం ఫలానా రోజు, ఫలానా గంటకు వస్తుందని ప్రపంచంలో ఎవరూ చెప్పలేరు. అలా చెప్పే మెసేజీ ఏదైనా అబద్ధమే. దాన్ని ఇంకొకరికి పంపకూడదు.
* ఊపు వస్తున్నప్పుడు గదిలో ఉంటే గట్టి బల్ల కింద దూరి, దాని కాలు పట్టుకుని, తల కాపాడుకోవాలి. కిటికీలకు, అల్మారాలకు దూరంగా ఉండాలి.
* అందరూ ఒకేసారి మెట్ల మీదికి పరుగెత్తకూడదు. తొక్కిసలాటలో దెబ్బలు తగలవచ్చు.
* ఊపు ఆగాక వరుసగా మైదానంలోకి రావాలి. వంటగదిలో గ్యాస్ ఆపాలి.
* గల్లీలో ఉంటే పాత గోడలు, సజ్జలు, పిట్టగోడలు, కరెంటు తీగల కింద నిలబడకూడదు. మన పాతబస్తీలో ఇది మరీ ముఖ్యం.

ఇవి రాసి ఊరుకోలేదు. మేము అల్మారాల మీద పేర్చిన ట్రంకు పెట్టెలన్నీ కిందికి దించి మంచాల కింద పెట్టాము. వార్డెన్ సార్ అనుమతితో నెలకు ఒకసారి రాత్రి స్టడీ అవర్ తర్వాత చిన్న తరగతుల పిల్లలతో మైదానంలోకి వరుసగా వచ్చే అభ్యాసం చేయిస్తున్నాము. మొదటిసారి పదకొండు నిమిషాలు పట్టింది. ఇప్పుడు నాలుగు నిమిషాల్లో అందరూ బయట ఉంటున్నారు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక విన్నపం. మీలో సివిల్ ఇంజనీర్లు అయినవాళ్లు, మేస్త్రీ పని తెలిసినవాళ్లు ఉన్నారు. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు భోజనానికి ముందు ఒక్క పది నిమిషాలు మేడ మెట్ల పక్కనున్న గోడను చూడండి. అక్కడ ఒక పగులు ఉంది. మీరు చదివే రోజుల్లోనే ఉందో, తర్వాత వచ్చిందో మాకు చెప్పండి. మేము దాని రెండు చివర్లా పెన్సిల్‌తో గీతలు పెట్టి తేదీ వేశాము. ఇప్పటివరకు అది గీత దాటలేదు. అయినా తెలిసినవాళ్లు చూస్తే మాకు ధైర్యం.

ఇక ఆ తమ్ముడి ప్రశ్నకు మా జవాబు: "అవును తమ్మీ, భూమి మళ్లీ కదులుతుంది. ఇప్పుడు కూడా కదులుతోంది. ఎప్పుడు కుదుపు వస్తుందో చెప్పలేం. కానీ వచ్చినప్పుడు ఏం చేయాలో మనకు తెలుసు." వాడు ఇప్పుడు ఆరో తరగతి. పోయిన నెల అభ్యాసంలో తన గది పిల్లలను ముందుండి నడిపించి తీసుకొచ్చింది వాడే.

– సైన్స్ క్లబ్ తరఫున పదవ తరగతి విద్యార్థులు